పురుగుకు వంట, వైరస్‌కు పంట: ఒక ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

శనగపచ్చ పురుగు మీద పిచికారీ చేసే ఎన్‌పీవీ ద్రావణాన్ని ఏడాది పొడవునా తయారుచేసే ఏర్పాటు మా చేతిలో ఉన్న పని. ఎన్‌పీవీ అంటే న్యూక్లియర్ పాలిహెడ్రోసిస్ వైరస్. బ్యాక్టీరియాను ట్యాంకులో పెంచినట్టు దీన్ని పెంచలేం, బతికున్న పురుగు కణాల్లోనే ఇది పెరుగుతుంది. కీటక కణాలను సీసాల్లో పెంచి వాటికి వైరస్ ఎక్కించే పద్ధతి ఒకటి ఉంది. కాకపోతే ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి మార్చుకుంటూ పోయేకొద్దీ ఆ వైరస్ పాలిహెడ్రాలు (వైరస్‌ను లోపల పొదిగి ఉంచే ప్రోటీన్ గుళికలు) కట్టడం తగ్గించేస్తుంది. పొలంలో ఎండకూ గాలికీ కాసేపు నిలబడి పురుగు కడుపులోకి వెళ్లేవి ఆ పాలిహెడ్రాలే. అవి లేని వైరస్‌తో పిచికారీ చేసి లాభం లేదు. కాబట్టి ఎటు తిరిగినా పురుగును పెంచక తప్పదు.

ఆకులు, కాయలు కోసుకొచ్చి పెంచవచ్చు కదా అని ప్రాజెక్టు ఒప్పుకున్న రోజు నుంచీ అడుగుతూనే ఉన్నారు. కొన్నాళ్లు పెంచవచ్చు. తర్వాత పంట అయిపోతుంది. ఉన్న ఆకు మీద ఏ మందు కొట్టారో తెలియదు. ఆకుతోపాటు బయటి రోగాలూ లోపలికి వస్తాయి. ఒక్కో కోతలో పోషకాలు ఒక్కోలా ఉంటాయి కనుక ఈ బ్యాచ్ పురుగును పోయిన బ్యాచ్‌తో పోల్చి చూడటానికి కూడా వీలుపడదు. కృత్రిమ ఆహారంతో ఈ బెడదలన్నీ తీరుతాయి. కొత్త బెడదలు మొదలవుతాయి, ఈ డైరీ వాటి గురించే.

కొత్త విద్యేమీ కాదిది. 1908లోనే బొగ్దానోవ్ మాంసపు ఈగను కృత్రిమ ఆహారం మీద పెంచాడు. మొక్కలు తినే పురుగుకు అలాంటిది కుదరడానికి మరో మూడు దశాబ్దాలు దాటింది. 1942లో బాట్‌గర్ మొక్కజొన్న కాండం తొలిచే యూరప్ పురుగును కేసీన్ (పాల ప్రోటీన్), చక్కెర, లవణాలు, అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే, గడ్డకట్టించే పదార్థం) కలిపిన ముద్ద మీద పెంచాడు. 1960లో అడ్కిసన్, వాండర్‌జాంట్ బృందం గులాబీరంగు కాయతొలుచు పురుగుకు గోధుమ మొలక పొడితో ఆహారం కూర్చింది. 1965లో షోరీ, హేల్ చిక్కుడు జాతి గింజలతో చేసిన ఒకే సాదా ముద్ద మీద నాక్టూయిడ్ కుటుంబానికి చెందిన తొమ్మిది రకాల పురుగులను పెంచి చూపించారు. మేం రోజూ వండే శనగపిండి ముద్దకు పూర్వీకులు ఇవే.

ఒక సంగతి మొదట్లోనే రాసుకుంటున్నా. ఈ ప్రాజెక్టులో ఆహారం మంచిదో కాదో తేల్చేది పురుగు బరువు కాదు. ఒక్కో పురుగు నుంచి చివరికి ఎన్ని పాలిహెడ్రాలు చేతికొచ్చాయన్నదే లెక్క. పురుగు బొద్దుగా పెరిగిందని సంబరపడి అక్కడే ఆగిపోయిన రిపోర్టులు చాలా చదివాను.

పొలం నుంచి వచ్చినవి

మొదటి విడత లార్వాలు వచ్చాయి. ఒక్కోదాన్ని ఒక్కో గాజు గొట్టంలో వేసి, ప్రధాన పెంపకపు గదికి దూరంగా వేరే గదిలో ఉంచాం. వాటిని ముట్టుకున్న చేతులతో ఇటు రాకూడదు, ఆ గది కోటు ఆ గదిలోనే ఉండాలి.

ఇలా విడిగా పెట్టడం ఎందుకో రెండు మూడు రోజుల్లోనే కనబడింది. చిన్న లార్వాల్లో కొన్ని తిండి మానేసి ముడుచుకున్నాయి. వాటి పక్కన బూడిద తెలుపు రంగులో చిన్న గూళ్లు తేలాయి. క్యాంపొలెటిస్ క్లోరిడీ అనే బదనిక కందిరీగ పని అది. ఇది పురుగు చిన్నగా ఉన్నప్పుడే లోపల గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలంతా తిని, బయటికొచ్చి గూడు కట్టుకుంటుంది. బాగా ఎదిగిన లార్వాల్లో ఒకటి రెండింటి నుంచి టాకినిడ్ అనే బదనిక ఈగ పిల్లలు బయటపడ్డాయి. మరికొన్ని గొట్టం గోడకు తలకిందులుగా వేలాడి చచ్చాయి, ముట్టుకుంటే చర్మం చిరిగి ద్రవం కారింది. ఎన్‌పీవీ చావు అది. మాకు చివర్లో కావలసింది అచ్చంగా ఇదే, ఇప్పుడు మాత్రం అస్సలు వద్దు. ఆ గొట్టాలను మూత తీయకుండానే ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే పాత్ర) వేసేశాం.

కందిరీగ గూళ్లను పారేయలేదు. మిత్ర పురుగుల మీద పనిచేసే పక్క గదివాళ్లు ఎగబడి తీసుకున్నారు.

పొలం లార్వాలను నేరుగా సంతతిలో, అంటే ల్యాబ్‌లో తరతరాలుగా పెంచుతున్న పురుగుల్లో, కలపం. అవి ప్యూపాలై, రెక్కల పురుగులై, పెట్టిన గుడ్లు శుద్ధయ్యాకే లోపలికి అడుగు. అది కూడా తల్లి పురుగును పరీక్షించాకే. గుడ్లు పెట్టడం పూర్తయిన తల్లి పొట్టను చుక్క నీటిలో నలిపి, సూక్ష్మదర్శిని కింద మైక్రోస్పోరిడియా అనే రోగకారక సూక్ష్మజీవుల బీజాల కోసం వెతుకుతాం. అవి కనిపిస్తే ఆ తల్లి గుడ్లన్నీ బ్లీచ్‌లోకే. 1860ల్లో పట్టుపురుగులను పెబ్రిన్ రోగం తుడిచిపెడుతున్నప్పుడు లూయీ పాశ్చర్ చెప్పిన ఉపాయమిది: తల్లిని చూసి గుడ్డును ఎంచుకోవడం. పట్టుపురుగును బతికించడానికి పుట్టిన పద్ధతి ఇక్కడ తెగులు పురుగును బతికించడానికి పనికొస్తోంది.

వంటగది

దీన్ని అందరూ వంటగది అనే అంటారు. స్టవ్, తూకం, మిక్సీ, గంటె అన్నీ ఉంటాయి కనుక పేరు సరిపోయింది.

ఒక విడతకు మా పాళ్లివి: శనగపిండి 105 గ్రాములు, అగర్ 12.75 గ్రాములు, ఈస్ట్ 10 గ్రాములు, ఆస్కార్బిక్ యాసిడ్ 3.25 గ్రాములు, బూజును ఆపే మిథైల్ పారాబెన్ 2 గ్రాములు, సోర్బిక్ యాసిడ్ 1 గ్రాము, యాంటీబయాటిక్ స్ట్రెప్టోమైసిన్ 0.25 గ్రాములు, మల్టీవిటమిన్ క్యాప్సూళ్లు రెండు, విటమిన్ ఇ క్యాప్సూళ్లు రెండు, 10 శాతం ఫార్మాలిన్ 2 మిల్లీలీటర్లు, నీళ్లు 780 మిల్లీలీటర్లు. ఎప్పటి నుంచో చేతులు మారుతూ వచ్చిన పాళ్లు కొద్దిపాటి తేడాలతో ఇలాగే ఉంటాయి. మా సొంతం అనడానికేమీ లేదు.

పాళ్లు కాగితం మీద ఎవరికైనా దొరుకుతాయి. తేడా వచ్చేది వేసే వరుసలో. సగం నీళ్లలో పిండిని, పారాబెన్‌ను, సోర్బిక్ యాసిడ్‌ను మిక్సీ పడతాం. మిగతా సగంలో అగర్‌ను విడిగా మరిగించాలి. అగర్ 85 డిగ్రీలు దాటితే గాని పూర్తిగా కరగదు, కరిగాక 40 కిందికి దిగేదాకా గడ్డకట్టదు. ఈ రెంటి మధ్య ఉన్న వ్యవధే మాకు పనికొచ్చేది. రెండింటినీ కలిపి, థర్మామీటర్ 60కి దిగేదాకా ఆగి, అప్పుడు ఆస్కార్బిక్ యాసిడ్, విటమిన్లు, యాంటీబయాటిక్ వేస్తాం. సలసల కాగేటప్పుడే వేస్తే ఆస్కార్బిక్ యాసిడ్, అంటే విటమిన్ సి, అక్కడికక్కడే చాలావరకు పోతుంది. మొక్కలు తినే పురుగుల్లో చాలావాటికి అది తిండిలోంచే రావాలి. మరీ చల్లారేదాకా ఆగితే ముద్ద గంటెకు అంటుకుని గడ్డలు కడుతుంది, విటమిన్ ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ పడుతుంది.

ఒక్కో దినుసు ఎందుకుందో కొత్తగా చేరినవాళ్లకు చెప్పేటప్పుడు స్టెరాల్ దగ్గర కాసేపు ఆగుతాను. స్టెరాల్ కొలెస్టరాల్ లాంటి కొవ్వు జాతి పదార్థం. కీటకాలు తమ ఒంట్లో దాన్ని తయారుచేసుకోలేవు. కుబుసం విడవడానికి కావలసిన ఎక్డైసోన్ హార్మోన్ తయారయ్యేది దాంతోనే. మా ముద్దలో ఆ పేరుతో ఏ సీసా కనబడదు. శనగపిండి, ఈస్ట్ మోసుకొచ్చేదే దాని వాటా. శుద్ధిచేసిన దినుసులతోనే ఆహారం కూర్చాలని చూసేవాళ్లు కొలెస్టరాల్‌ను విడిగా వేయాల్సి వచ్చేది ఇందుకే. ముడి పిండిలో మనకు తెలియకుండానే చాలా అవసరాలు తీరిపోతాయి. పిండి మారితే మనకు తెలియకుండానే చాలా తప్పిపోతాయి కూడా.

సోర్బిక్ యాసిడ్ బూజును ఆపేది ముద్ద కాస్త పుల్లగా ఉన్నప్పుడే. ఆస్కార్బిక్ యాసిడ్ ఆ పులుపుకూ సాయపడుతుంది. ఇక ఫార్మాలిన్: వేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్, మాస్క్, గ్లవ్స్ ఉండి తీరాలి. క్యాన్సర్ కారకం అది, కళ్లు మండితే సరిపోయే వ్యవహారం కాదు. దీని సంగతి వైరస్ గది దగ్గర మళ్లీ వస్తుంది.

పిల్ల పురుగుల గోల

26 డిగ్రీల దగ్గర గుడ్లు దాదాపు మూడో రోజుకు పగిలాయి. అప్పుడే పుట్టిన పిల్ల వెంట్రుక ముక్కంత ఉంటుంది. వెలుతురు ఎటుంటే అటు, పైకెక్కే దారి ఎటుంటే అటు పోతుంది. పట్టు దారం వదులుతూ మూత సందుల్లోంచి జారిపోతుంది. డబ్బా అడుగున తాజా ముద్ద, మూత మీద పిల్లల గుంపు, ముద్ద దగ్గర ఒక్కటీ లేదు. పైగా పోసిన ముద్ద వేడి ఇంకా పూర్తిగా పోనట్టుంది, మూత లోపల నీటి చుక్కలు పట్టాయి. చుక్కకు తగిలిన పిల్ల అందులోనే అతుక్కుపోతుంది, ఈదలేదు.

మా ల్యాబ్‌లో సంతతి చూసుకునే పెద్దాయన వచ్చి ఒక నిమిషం చూశారు.

"డబ్బా బోర్లించండి మేడమ్. పైకే పోతాయి కదా, తిండి కూడా పైనే ఉంచితే సరి."

బోర్లించాం. ముద్ద ఇప్పుడు కప్పు అయింది, పిల్లలు ఎక్కి ఎక్కి దానికే చేరాయి. పెంట గుళికలు కింద మూతలో పడతాయి కనుక తిండి కూడా శుభ్రంగా ఉంటోంది. మూతకు లోపలివైపు టిష్యూ కాగితం పరిస్తే తేమ చుక్క కట్టకుండా పీల్చేసుకుంటోంది. ముద్ద పోశాక మూత వేసే ముందు గుడ్డ కప్పి పూర్తిగా చల్లారనివ్వాలని గోడ మీది పనుల పట్టికలో చేర్చాం. ముద్ద పైపొరను ఫోర్కుతో అక్కడక్కడా గీసినా పిల్లలు త్వరగా కుదురుకుంటున్నాయి. గీతల అంచు వాటికి కొరకడానికి పట్టు ఇస్తుంది.

పిల్లలను మెత్తటి కుంచెతోనే తీయాలి, అదీ దారం పట్టుకుని వేలాడదీసి. కుంచె కుచ్చును ఒంటికి అదిమితే అది బతకదు.

ఒంటరి గదులు

పొగాకు లద్దె పురుగును పెంచినవాళ్లు అదృష్టవంతులు. దాన్ని ఒక టబ్బులో గుంపుగా పెంచినా సర్దుకుపోతుంది. శనగపచ్చ పురుగు అలా కాదు. కుబుసం విడిచిన ప్రతిసారీ లార్వా ఒక దశ దాటుతుంది. రెండో దశ దాకా కలిసి ఉంటాయి, మూడో దశలోకి వచ్చాక ఒకదాన్నొకటి తినేస్తాయి. తిండి చాలక అనుకుంటారు గానీ చుట్టూ ముద్ద ఉన్నా తింటాయి. కుబుసం విడిచి మెత్తగా, కదలలేక ఉన్నది ముందు బలవుతుంది. పొలంలో ఒక కాయలో ఒక్క పురుగే కనబడటం కూడా దీనివల్లే.

కాబట్టి రెండో దశ చివర్లో ఒక్కోదాన్నీ ట్రేలోని ఒక్కో చిన్న గదిలోకి మార్చాలి. గదుల ట్రేలలో ముద్ద పోయడం, కుంచెతో ఒక్కోటి వేయడం, గాలి ఆడే పలచటి పొర అతికించడం. మొత్తం ప్రాజెక్టులో మనుషుల సమయాన్ని అన్నిటికన్నా ఎక్కువ మింగేది ఈ పని. యంత్రాలు పెట్టుకున్న పెద్ద సంస్థలు దీన్ని దాటేశాయి. మాలాంటి చిన్న ల్యాబ్‌లో వైరస్ ఖర్చు అంటే ముప్పావు వంతు ఈ కుంచె పట్టిన చేతి ఖర్చేనని నా అంచనా.

గదిలో ముద్ద ఎంత పోయాలన్నది కూడా చిన్న ప్రశ్నేమీ కాదు. తక్కువైతే ఆరో దశలో పురుగు ఆకలితో చిన్న ప్యూపా అవుతుంది. ఎక్కువైతే మిగిలిన ముద్దకు బూజు పడుతుంది. అడుగున వేలి మందం సరిపోతోంది.

ప్యూపాలు

నేలలో ప్యూపా కట్టే పురుగు ఇది. అందుకే చివరి దశలో ట్రేలోనే ముద్దను తొలుచుకుని గూడు చేసుకుంటుంది. గూట్లోంచి తీసి, పలచటి హైపోక్లోరైట్ నీళ్లలో కడిగి, ఆరబెట్టి, తూచి, ఆడా మగా విడదీస్తాం. ప్యూపా తోక వైపు భూతద్దం కింద చూస్తే ఆడదాని జననరంధ్రం ఎనిమిదో ఖండం మీద సన్నని గీతలా ఉంటుంది. మగదానికి తొమ్మిదో ఖండం మీద రెండు చిన్న బుడిపెల మధ్య ఉంటుంది. కాసేపటికి కన్ను అలవాటు పడి, గబగబా రెండు గిన్నెల్లోకి వేసుకుంటూ పోవచ్చు.

బరువు 300 మిల్లీగ్రాముల చుట్టూ తిరుగుతుంటే సంతతి క్షేమంగా ఉన్నట్టు. సగటు ఒక్కటే రాసుకుంటే చాలదని ఇప్పుడు తేలింది. సగటు నిలకడగా ఉండగానే చిన్నవి మరీ చిన్నవై, పెద్దవి మరీ పెద్దవైన తరం ఒకటి వచ్చింది. ముద్ద అన్ని గదుల్లోనూ ఒకేలా కలవకపోతే ఇలా జరుగుతుంది. ఇప్పుడు ప్రతి తరంలో అన్నిటికన్నా చిన్న ప్యూపాలను పక్కన పెట్టి, అవి ఏ ట్రే నుంచి వచ్చాయో వెనక్కి చూస్తున్నాం.

ముడతల రెక్కలు

ఈ తరంలో రెక్కల పురుగులు బయటికొచ్చాయి గానీ చాలావాటికి రెక్కలు విప్పారలేదు. ముడతలు పడి ఒంటికి అతుక్కుపోయాయి. అలాంటి మగది ఆడదాన్ని చేరుకోలేదు.

అనుమానించదగినవి రెండు. మొదటిది గాలిలో తేమ. ప్యూపా నుంచి వచ్చిన కాసేపట్లోనే రెక్కల నాళాల్లోకి రక్తాన్ని పంపి పురుగు వాటిని విప్పుకుంటుంది. గది మరీ పొడిగా ఉంటే విప్పకముందే గట్టిపడిపోతాయి. ఎక్కి నిలబడటానికి గరుకు గోడ లేకపోయినా ఇంతే. రెండోది తిండిలో కొవ్వు ఆమ్లం. లినోలీయిక్, లినోలెనిక్ ఆమ్లాలు చాలకపోతే రెక్కల పురుగుల జాతిలో ఇలాంటి రెక్కలు వస్తాయని, పిండి పురుగు ఎఫెస్టియా మీద 1940ల్లోనే ఫ్రెంకెల్, బ్లూవెట్ చూపించారు. పిండి పాతబడి చిక్కు వాసన వస్తోందంటే ఆ ఆమ్లాలు గాలికి పాడైపోయినట్టే.

రెంటినీ ఒకేసారి సరిచేస్తే దోషం దేనిదో ఎప్పటికీ తెలియదు. అందుకని ప్యూపాలను రెండు గదుల తేమలో, లార్వాలను మామూలు ముద్ద, అవిసె నూనె కొద్దిగా కలిపిన ముద్ద మీద, నాలుగు గుంపులుగా పెంచాం. అవిసె నూనెలో లినోలెనిక్ ఆమ్లం మెండుగా ఉంటుంది. తేమ పెంచిన గుంపులో రెక్కలు కొంత మెరుగయ్యాయి. నూనె కలిపిన గుంపులో తేమ ఎలా ఉన్నా దాదాపు అన్నీ విప్పుకున్నాయి. తాజా పిండి తెరిచి, నూనె లేకుండా వండి చూస్తే అవీ బాగానే వచ్చాయి. అంటే నూనె తీర్చింది పాత పిండి లోటునే. పాళ్లలో నూనెను ఉంచలేదు. శనగపిండిని చిన్న సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో దాచడం మొదలుపెట్టాం. సంచి మీద ఆడించిన తేదీ ఉంటుంది, వాసన చూడకుండా ఏ సంచీ వంటలోకి వెళ్లదు.

గుడ్డ మీద గుడ్లు

జతలను గరుకు నూలు గుడ్డ కట్టిన పెట్టెల్లో వదిలాం. తాగడానికి 10 శాతం తేనె నీళ్లు దూదిలో ముంచి పెడతాం. ఆడది లేత గోధుమ రంగు, మగది పచ్చ ఛాయ బూడిద రంగు. ప్యూపాల దగ్గర జరిగిన ఎంపిక సరిగా ఉందో లేదో ఇక్కడ రంగు చూసి తెలిసిపోతుంది. రాత్రి చీకటిగానే ఉండాలి, సగం వెలుతురులో జతకట్టడం తగ్గుతుంది. ఈ గదిలో మాస్క్ లేకుండా తిరిగితే రెక్కల పొలుసు ముక్కులోకి పోయి తుమ్ములు ఆగవు. ఏళ్ల తరబడి ఈ పని చేసిన కొందరికి ఉబ్బసం దాకా వెళ్తుంది.

గుడ్డు పెట్టినప్పుడు లేత పసుపు తెలుపులో మెరుస్తుంది, మర్నాటికి గోధుమ రంగు వలయం వస్తుంది, పగిలే ముందు పిల్ల తల నల్లగా కనబడుతుంది. వలయం రాకుండా పసుపుగానే ఉండి లోపలికి కుంగితే ఆ గుడ్డు ఫలించనిది. గుడ్డ మొత్తాన్ని 0.05 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో పది నిమిషాలు ముంచి, సోడియం థయోసల్ఫేట్ నీళ్లలో క్లోరిన్‌ను విరిచి, శుభ్రమైన నీళ్లలో జాడించి ఆరవేస్తాం. పెంకు మీది వైరస్, బూజు బీజాలు అక్కడితో పోతాయి. గుడ్డు లోపల చేరిన మైక్రోస్పోరిడియాను మాత్రం ఈ స్నానం ఏమీ చేయలేదు. తల్లిని నలిపి చూడటం మానకపోవడానికి కారణం అదే.

బూజు, ఎరుపు

నల్ల బూజు ఆస్పర్‌జిల్లస్. వచ్చిన ట్రేను మూత తీయకుండానే పారేయాలి, తీస్తే బీజాలు గదంతా చేరతాయి. కొన్ని లార్వాలు ఎర్రబారి చచ్చాయి, అది సెరేషియా బ్యాక్టీరియా. మందు మోతాదు పెంచుదామని సూచన వచ్చింది. ఒప్పుకోలేదు. పారాబెన్, సోర్బిక్ యాసిడ్ పెరిగేకొద్దీ పురుగు ఎదుగుదల కూడా మందగిస్తుంది, బూజుకు విషమైనది పురుగుకు అమృతం కాదు. గాలి వచ్చే దారి, చేతుల శుభ్రత, కుంచెలు మార్చే వేళలు సరిచూశాక తగ్గింది.

వైరస్ గది

వైరస్ గది భవనానికి రెండో చివర. ఉదయం సంతతి గది, మధ్యాహ్నం వైరస్ గది. ఈ వరుస తిరగబడకూడదు. ఇటు నుంచి ఒక ట్రే గాని, పెన్ను గాని అటు పోదు. ఏడాది శ్రమను ఒక్క వారంలో పోగొట్టగలిగేది వైరస్ తల్లి సంతతిలోకి దొర్లడమే.

ఇక్కడి ముద్ద వేరు: ఫార్మాలిన్ లేదు. సంతతిని కాపాడే ఆ రెండు మిల్లీలీటర్లే ఇక్కడ వైరస్‌ను దెబ్బతీస్తాయి. సంతతికి వండే ముద్ద మీద కొన్ని లార్వాలను కావాలనే ఉంచి అదే మోతాదు ఇచ్చి చూశాం. వాటిలో తప్పించుకుని ప్యూపా కట్టినవి స్పష్టంగా ఎక్కువ. ఫార్మాలిన్ లేని ముద్ద త్వరగా బూజు పడుతుంది నిజమే, కానీ ఇక్కడ అది నిలవాల్సింది వారం రోజులే.

ఐదో దశలోకి అప్పుడే అడుగుపెట్టిన లార్వాలను ఎంచుకున్నాం. వైరస్ ద్రావణం 10 మైక్రోలీటర్లు ముద్ద మీద వేసి, మొండి గాజు కడ్డీతో పరిచి, తడి ఆరాక పురుగును వదలాలి. పాలిహెడ్రా పురుగు కడుపులోని గాఢమైన క్షారంలో కరుగుతుంది, లోపలి వైరస్ పేగు కణాలను పట్టుకుంటుంది, అక్కడి నుంచి ఒళ్లంతా పాకుతుంది. చిన్న దశలో ఇస్తే త్వరగా చస్తుంది, కానీ చిన్న ఒంట్లో పండే వైరస్ కొంచెమే. మరీ ఆలస్యంగా ఇస్తే వైరస్ గెలిచేలోపు ప్యూపా కట్టేస్తుంది. ఈ పందెంలో వైరస్‌కు సొంత ఎత్తు ఒకటుంది. పురుగు ఎక్డైసోన్‌కు చక్కెర అణువు తగిలించి దాన్ని పనికిరాకుండా చేసే ఎంజైమ్ జన్యువు బాక్యులోవైరస్‌లలో (ఎన్‌పీవీ చేరే వైరస్‌ల కుటుంబం) ఉందని 1989లో ఓరైలీ, మిల్లర్ బయటపెట్టారు. ఆ దెబ్బకు పురుగు కుబుసం విడవడం మాని తింటూనే ఉంటుంది, తిన్నంతా వైరస్‌కే చేరుతుంది. ఆహారం విషయంలో మా పంతం కూడా ఇదే కదా అని చదివిన ప్రతిసారీ నవ్వొస్తుంది.

ఐదో రోజు నుంచి ఏడో రోజు దాకా చావులు. పొట్ట వైపు గులాబి తెలుపుకు తిరిగి, చర్మం నున్నగా మెరుస్తుంది. ఎప్పుడు ఏరాలన్నది మా మధ్య ఇంకా తెగని వాదన. పూర్తిగా చచ్చి చర్మం పలచబడేదాకా ఆగితే పాలిహెడ్రాల సంఖ్య పెరుగుతుంది, వాటితోపాటు కుళ్లబెట్టే బ్యాక్టీరియా కూడా. ముందే ఏరితే శుభ్రం, కానీ తక్కువ. ప్రస్తుతానికి చావుకు సిద్ధమైనవాటినీ, అప్పుడే చచ్చినవాటినీ తీసి వెంటనే ఫ్రీజర్‌లో పెడుతున్నాం. నల్లబడి కంపు కొట్టేది బ్యాక్టీరియా చావు, దాన్ని కలపం.

లెక్కింపు

చచ్చిన లార్వాలను 0.1 శాతం ఎస్‌డీఎస్ (ఒక రకం డిటర్జెంట్) కలిపిన నీళ్లలో రుబ్బి, రెండు మడతల పలచటి గుడ్డలో వడకట్టాం. సెంట్రిఫ్యూజ్‌లో మొదట నెమ్మదిగా కొద్దిసేపు తిప్పితే తోలు, తల పెంకులు అడుగుకు దిగుతాయి. పైతేటను వేగంగా తిప్పితే పాలిహెడ్రాలు తెల్లటి ముద్దగా దిగుతాయి.

సూక్ష్మదర్శిని కింద న్యూబవర్ గళ్ల పలక మీద లెక్కపెట్టేటప్పుడు పాలిహెడ్రాలు చుక్కల్లా వణుకుతూ ఉంటాయి. అవి కుదురుకునేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. కొవ్వు బిందువులు కూడా అలాగే మెరుస్తాయి. అనుమానం వస్తే పలక అంచున ఒక చుక్క సోడియం హైడ్రాక్సైడ్ వదులుతాం. క్షారం తాకిన చోట మాయమైనవి పాలిహెడ్రాలు, అలాగే నిలిచినవి కొవ్వు. మొదట్లో అన్నింటినీ లెక్కలో వేసుకుని గర్వపడే ల్యాబ్‌లు ఉంటాయని పెద్దాయన అంటుంటారు.

ఒక లార్వాకు సమానంగా వాడే ప్రమాణం శనగపచ్చ పురుగు వైరస్‌కు 600 కోట్ల పాలిహెడ్రాలు, పొగాకు లద్దె పురుగు వైరస్‌కు 200 కోట్లు. మా పురుగుల్లో ఆ గీత దాటినవీ, దాటనివీ ఉన్నాయి. ప్యూపా బరువుల పట్టికను దీని పక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తేలింది. ఈస్ట్ పెంచిన ముద్ద మీద ప్యూపాలు కాస్త బరువెక్కాయి, కానీ అదే ముద్ద తిని వైరస్‌తో చచ్చిన లార్వాల్లో పాలిహెడ్రాలు పెరగలేదు. లార్వా దశ త్వరగా ముగియడం వల్ల వైరస్‌కు దొరికిన వ్యవధి కుదించుకుపోయిందని నా అనుమానం. పెరిగిన పోషణంతా ప్యూపాగా మారే తొందరకే ఖర్చయినట్టుంది. అందుకని సంతతి ముద్దలో ఈస్ట్ పెంపు అలాగే ఉంటుంది, గుడ్లు బాగా వస్తున్నాయి కనుక. వైరస్ ముద్ద మాత్రం పాత పాళ్లకే వెళ్లింది.

ఇప్పుడున్న చోటు

దినుసులన్నింటిలో ఖరీదైనది అగరే. దాని బదులు కరాజినన్ (ఇదీ సముద్రపు నాచు నుంచి వచ్చే గడ్డకట్టించే పదార్థమే) వాడి చూడటం మొదలైంది. గట్టిదనం బాగానే ఉంది గానీ నీరు కొంచెం ఎక్కువ ఊరుతోంది, పిల్ల పురుగులకు అది ప్రమాదం. ఐదో దశ లార్వాలు ఊరిన నీటిలో మునిగిపోవు కాబట్టి ముందు వైరస్ గదిలోనే, పాలిహెడ్రాల లెక్కతో తేల్చుకుంటాం.

తరాలు గడిచేకొద్దీ సంతతి గదికి అలవాటు పడుతోంది. ముద్ద మీద చకచకా ఎదుగుతోంది, పెట్టెలో చకచకా జతకడుతోంది. వైరస్ మోతాదుకు స్పందన మారిందేమో చూడటానికి పొలం నుంచి కొత్త రక్తం తెప్పిస్తున్నాం. వేరు గదిలో గొట్టాలు కడిగి సిద్ధంగా పెట్టాం. కొత్తవాటి మొదటి తరంలో ఐదో దశకు వచ్చిన లార్వాలను, ఇక్కడి పాత సంతతి లార్వాలను ఒకే రోజు, ఒకే సీసాలోని వైరస్‌తో, ఒకే కుండలో వండిన ముద్ద మీద పరీక్షిస్తాం. ఆ లెక్క వచ్చేదాకా పాత సంతతిలో కొత్తవాటిని కలపం.